బొమ్మ, తెర, ఆట: పల్నాటి వయోజన ప్రేక్షకుడు – తోలుబొమ్మలాట నుంచి యానిమే వరకు

వ్యాససంగ్రహం:
కార్టూన్ చిత్రాలూ యానిమే చిత్రాలూ పిల్లల వినోదమనే అభిప్రాయం నేటి తెలుగు సమాజంలో బలంగా ఉంది. ఈ అభిప్రాయం మన ప్రదర్శన సంప్రదాయం నుంచి సంక్రమించినది కాదనీ, టెలివిజన్ ప్రసార విధానం వల్ల 1990ల నుంచి స్థిరపడినదనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. తోలుబొమ్మలాట, పల్నాటి వీరుల కథ, ‘కార్టూన్’ అనే మాటకు తెలుగులో కలిగిన అర్థపరిణామం, రెండు జపాన్ చిత్రాలకు మన దేశంలో లభించిన ఆదరణ ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: పల్నాడు, తోలుబొమ్మలాట, కార్టూన్, యానిమే, వయోజన ప్రేక్షకుడు, టెలివిజన్.

1. ఉపోద్ఘాతం:
నరసరావుపేటలో గాని, మాచర్లలో గాని సినిమా గోడపత్రికను చూస్తే ‘రోజూ 4 ఆటలు’ అని ఉంటుంది. చిత్రం మొదలైతే ‘బొమ్మ పడింది’ అంటారు. అది కనిపించే గుడ్డకు ‘తెర’ అని పేరు. బొమ్మ, తెర, ఆట – ఈ మూడు మాటలూ తోలుబొమ్మలాటకు కూడా చెందినవే. పెద్దలు చూసే సినిమాను ‘బొమ్మ’ అని పిలవడానికి తెలుగువాడు ఏనాడూ సంకోచించలేదు. అదే తెరపై గీసిన బొమ్మ కదిలితే మాత్రం ‘అది పిల్లలది’ అని పక్కన పెడుతున్నాడు. ఈ వైరుధ్యం ఎప్పుడు, ఎలా ఏర్పడిందనేదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పల్నాడు తగిన ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాకు తనదైన మౌఖిక ఇతిహాసం ఉంది. దానిని నేటికీ ఏటా స్మరించే ఉత్సవమూ ఉంది. ఒక కథ పెద్దలకా, పిల్లలకా అనే విభజనను పరీక్షించడానికి ఆ ఇతిహాసమే మంచి గీటురాయి.

2. తోలుబొమ్మలాట – తెర ముందు పెద్దలు:
తెలుగునాట బొమ్మలాట ప్రాచీనమైనది. 13వ శతాబ్దికి చెందినదిగా భావించే పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లో దాని ప్రస్తావన ఉంది. పలుచని తెల్లని తెర వెనుక దీపాల వెలుగులో, కీళ్ల దగ్గర కదిలేలా అమర్చిన రంగుల తోలుబొమ్మలను ఆడిస్తారు. ఆంధ్రదేశపు బొమ్మలు కొన్ని నిలువెత్తు మనిషి ప్రమాణంలో ఉంటాయి. హార్మోనియం, మద్దెల, తాళాలతో పాటు కాళ్ల కింద చెక్కలను తొక్కి యుద్ధఘట్టాలకు ధ్వని కల్పిస్తారు. ప్రదర్శించే కథలు ప్రధానంగా రామాయణ భారతాలవి.

ఈ కళకు ప్రేక్షకులెవరు అనే ప్రశ్నకు ప్రదర్శన రూపంలోనే మూడు ఆధారాలు దొరుకుతాయి.

మొదటిది వేళ. పొలం పనులు ముగిసిన తరువాత మొదలై తెల్లవారే దాకా సాగే ఆట ఇది. పిల్లలు చూడలేదని కాదు. అయితే ఆట నిడివిని నిర్ణయించింది వారి నిద్రవేళ కాదు.

రెండవది హాస్యం. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపాత్రలు పురాణకథ మధ్యలో ప్రవేశించి మోటు సరసాలాడతాయి, ఊరి సంగతులను ఎత్తిపొడుస్తాయి. ఈ హాస్యంలో చాలాభాగం సంసారం ఎరిగినవారికే అర్థమవుతుంది.

మూడవది ప్రయోజనం. వానలు కురవనప్పుడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని తెలుగు పల్లెల్లో ఒక విశ్వాసం ఉంది. పంట మీద బతికే గృహస్థుల ఆందోళనతో ముడిపడిన ప్రదర్శనను బాలవినోదంగా వర్గీకరించడం సాధ్యం కాదు.

తోలుబొమ్మలాటకూ కదిలే బొమ్మల చిత్రానికీ పోలిక చెప్పడం కేవలం ఉపమానం కాదు. జర్మనీకి చెందిన లొట్టే రైనిగర్ 1926లో ‘ద అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అచ్మెద్’ చిత్రాన్ని నిర్మించింది. నేటికీ లభ్యమవుతున్న పూర్తినిడివి యానిమేషన్ చిత్రాలలో ఇదే అతి ప్రాచీనమైనది. కత్తిరించి, కీళ్లు అమర్చిన నల్లని ఆకృతులను వెలుగుకు అడ్డంగా పెట్టి, ఒక్కొక్క కదలికనూ వేర్వేరుగా చిత్రీకరించి ఆమె దానిని రూపొందించింది. నీడబొమ్మల ఆటకూ యానిమేషన్ చిత్రానికీ మధ్య సాంకేతిక బంధుత్వం ఉందనడానికి ఈ చిత్రమే సాక్ష్యం.

3. బొంగరం ఆడిన వీరుడు:
గురజాల, మాచర్ల రాజ్యాల వైరం కారెంపూడి రణరంగంలో ముగిసిన వృత్తాంతమే పల్నాటి కథ. శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. వీరవిద్యావంతులు గానం చేసే మౌఖిక రూపాన్ని జీన్ రోగేర్ సేకరించి, అధ్యయనంతో సహా ఆంగ్లంలోకి అనువదించగా 1982లో గ్రంథంగా వెలువడింది. కారెంపూడిలో కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులు సాగుతాయి.

ఈ కథలో ప్రధానవీరుడు బాలచంద్రుడు పేరుకు తగినట్టు బాలుడే. అతడు యుద్ధానికి కదలడానికి బొంగరాల ఆట కారణమవుతుంది. బొంగరం తగిలి గాయపడిన స్త్రీ మాటల వల్లనే అతనికి యుద్ధవార్త తెలుస్తుంది. ఆట వస్తువుతో మొదలైన ఈ ఘట్టం వీరమరణంతో ముగుస్తుంది. ఆ మరణాన్ని స్మరిస్తూ వీరుల ఆయుధాలకు మొక్కేవారు పెద్దలు. కథానాయకుని వయస్సు ప్రేక్షకుని వయస్సును నిర్ణయించదనే సూత్రం పల్నాటికి కొత్తది కాదు. నేటి యానిమేలో చాలా కథలకు నాయకులు పదిహేనేళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రవాళ్లే. అందువల్ల అవి పిల్లల కథలని తీర్మానించేవారు బాలచంద్రుని కథను ఏ వర్గంలో చేర్చాలో ఆలోచించవలసి ఉంటుంది.

4. ‘కార్టూన్’ – ఒక మాట ప్రయాణం:
తెలుగులోకి ‘కార్టూన్’ అనే మాట వచ్చింది పత్రికల ద్వారా. తెలుగు కార్టూన్‌కు ఆద్యుడుగా గుర్తింపు పొందిన తలిశెట్టి రామారావు గీసిన వ్యంగ్యచిత్రాలు 1930ల నాటికే ‘భారతి’ వంటి సాహిత్యపత్రికలో కనిపించాయి. ఆనాడు కార్టూన్ అంటే చదువుకున్న పెద్దలు నవ్వుకునే బొమ్మ. అదే మాట అరవై ఏళ్ల తరువాత పిల్లల టెలివిజన్ కార్యక్రమానికి పర్యాయపదమైంది. ఈ మధ్యకాలంలో జరిగిన మార్పు ముందుగా తెలుగు దేశంలో కాక అమెరికాలో జరిగింది.

1940లో మొదలైన ‘టామ్ అండ్ జెర్రీ’ లఘుచిత్రాలను సినిమాహాళ్లలో ప్రధానచిత్రానికి ముందు అన్ని వయసులవారికీ ప్రదర్శించేవారు. 1960లో టెలివిజన్‌లో ప్రారంభమైన ‘ద ఫ్లింట్‌స్టోన్స్’ రాత్రి ప్రధాన ప్రసార సమయంలో వచ్చేది. తొలినాళ్లలో దాని ప్రాయోజకులలో ఒక సిగరెట్ సంస్థ కూడా ఉండడం అది ఎవరిని ఉద్దేశించిందో తెలుపుతుంది. ఆ దశకంలోనే అమెరికన్ టెలివిజన్ సంస్థలు కార్టూన్లను శనివారం ఉదయానికి తరలించాయి. పిల్లల వస్తువుల ప్రకటనలకు అది అనువైన వేళ. కార్టూన్ పిల్లలదనే భావం వెనుక ఉన్నది కళాస్వభావం కంటే ప్రసార వాణిజ్యమే.

మన దేశానికి చేరింది ఇలా విభజన పూర్తయిన తరువాతి రూపం. 1990ల తొలి సంవత్సరాల్లో దూరదర్శన్ ఆదివారం ప్రసారాలలో ‘డక్ టేల్స్’ వంటి అమెరికన్ ధారావాహికలు వచ్చాయి. 1993లో ప్రసారమైన ‘జంగిల్ బుక్’ జపాన్‌లో తయారైన యానిమే. హిందీ మాటలతో, హిందీ పాటతో వచ్చిన ఆ మోగ్లీని చూసిన తరం దానిని యానిమేగా గుర్తించలేదు, కార్టూన్‌గానే గుర్తుంచుకుంది. 1995లో మన దేశంలో ప్రసారాలు ప్రారంభించిన కార్టూన్ నెట్‌వర్క్ తొలి సంవత్సరాల్లో పగలంతా కార్టూన్లు, రాత్రి టి.ఎన్.టి. పేరుతో పాత హాలీవుడ్ చిత్రాలు చూపేది. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు అనే విభజన ఒకే ఛానల్ గడియారంలో కనిపిస్తుంది. రాత్రంతా పెద్దల ముందు ఆడిన బొమ్మను పగటికి మార్చి పిల్లలకు అప్పగించడం ఇక్కడ స్పష్టం.

5. రెండు నిదర్శనాలు:
‘షిన్‌చాన్’ ఈ అపార్థానికి మొదటి నిదర్శనం. యోషితో ఉసుయి గీసిన ఈ బొమ్మల కథ 1990లో వెలువడడం మొదలైంది పెద్దల కోసం నడిచే పత్రికలో. ఐదేళ్ల పిల్లవాడి నోట పెద్దల సంసారాన్ని వెక్కిరించడం దాని స్వభావం. మన దేశంలో 2006 నుంచి అది పిల్లల ఛానల్‌లో ప్రసారమైంది. పిల్లలను చెడగొడుతోందని తల్లిదండ్రులు ఆక్షేపించడంతో 2008లో ప్రసారం నిలిచిపోయి, తరువాత కత్తిరింపులతో తిరిగి వచ్చింది. తల్లిదండ్రుల ఆక్షేపణ అసమంజసమేమీ కాదు. అయితే లోపం కథలో ఉన్నదా, దానిని కూర్చోబెట్టిన అరలో ఉన్నదా అనే ప్రశ్న ఆనాటి చర్చలో మరుగున పడింది. కేతిగాడి మాటలను పాఠశాల ప్రార్థన సమయంలో వినిపిస్తే ఎదురయ్యే ఇబ్బందే ఇది.

రెండవ నిదర్శనం 1992 నాటి ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’. యుగో సాకో ప్రేరణతో, భారతీయ యానిమేషన్ రంగ ప్రముఖుడు రామ్‌మోహన్ భాగస్వామ్యంతో రూపొందిన ఈ జపాన్ చిత్రానికి ఆరంభదశలోనే అభ్యంతరాలు ఎదురయ్యాయి. జాతీయ వారసత్వమైన రామాయణాన్ని విదేశీయుడు తన ఇష్టానుసారం చిత్రంగా తీయరాదన్నది వాటి సారం. రాముడు దైవం కనుక నటుని కంటే గీసిన బొమ్మే ఆయన పాత్రకు తగినదని సాకో భావించాడు. తరతరాలుగా రాముణ్ణి తోలుబొమ్మగా చూసిన తెలుగు ప్రేక్షకునికి ఈ వాదం వింతగా తోచదు. చిత్రం 1993లో భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఆ తరువాత పిల్లల ఛానల్‌కు చేరి అక్కడే ఒక తరానికి పరిచయమైంది. 2025 జనవరి 24న తెలుగు అనువాదంతో సహా సినిమాహాళ్లకు వచ్చింది. చలనచిత్రోత్సవ ప్రేక్షకుడు, టెలివిజన్ ముందు బాలుడు, టిక్కెట్టు కొన్న కుటుంబం – మూడు దశాబ్దాలలో ప్రేక్షకుడు మారాడు గాని, చిత్రం మారలేదు.

6. 2025 – ఇద్దరు వయోజన ప్రేక్షకులు:
అదే సంవత్సరం జూలై 25న విడుదలైన ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చిత్రానికి తెలుగు రాష్ట్రాల్లో పెద్దలు కుటుంబాలతో తరలివెళ్లారు. సెప్టెంబరు 12న జపాన్ యానిమే ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు అనువాదంతోనూ విడుదలైంది. ఈ రెండింటినీ ఆదరించిన పెద్దలు ఒకే వర్గం కారు.

మొదటి వర్గానికి నరసింహావతార చిత్రం కార్టూన్ కాదు, భక్తిచిత్రం. కథ పురాణమైనప్పుడు బొమ్మ అన్న మాటే వారికి అడ్డు రాదు. ప్రహ్లాదుడు బాలుడైనంత మాత్రాన భాగవతం బాలసాహిత్యం కాదని వారు ఎరుగుదురు. రెండవ వర్గం టెలివిజన్ కార్టూన్లతో పెరిగి పెద్దవారైన యువతరం. వారు ‘కార్టూన్’ అనే మాటను తిరస్కరించి ‘యానిమే’ అనే మాటను ఎంచుకుంటారు. ఈ ఎంపికలో దేశభేదం కంటే వయోభేదం ప్రధానం. తాము చూసేది పిల్లల వస్తువు కాదని చెప్పుకోవడానికి ఆ పరభాషాపదం వారికి ఆధారమైంది. పెద్దలు భక్తి పేరుతో పొందిన అనుమతిని యువకులు పేరు మార్పుతో పొందుతున్నారు.

దీనిని తోలుబొమ్మలాట సంప్రదాయానికి కొనసాగింపుగా చెప్పడం తొందరపాటు. ఆటగాడు ఊరి మనుషులను ఎరిగినవాడు. ఆట మధ్యలో వారిని పేరు పెట్టి పలకరించగలడు. యానిమేకు ఆ వెసులుబాటు లేదు. మధ్యలో తెగిన తంతువును చూపడం ఒకటి, తెగలేదని చెప్పడం వేరొకటి. ఈ వ్యాసం మొదటిదానికే పరిమితం.

7. ముగింపు:
ఈ అపవర్గీకరణకు మూల్యం చెల్లించినవారు తోలుబొమ్మలాట కుటుంబాలవారు. సినిమా, టెలివిజన్ పెద్దలను తీసుకుపోయాక బొమ్మలాట పాఠశాలల్లో ప్రచార ప్రదర్శనగా, బొమ్మ దీపపు గూడుగా, గోడ అలంకారంగా మిగిలింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో లభించిన భౌగోళిక గుర్తింపు హస్తకళావస్తువుగా లభించినదే. 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ రావడం కళాకారునికి దక్కిన గౌరవం. అయినా రాత్రంతా కూర్చుని చూసే వయోజన ప్రేక్షకుణ్ణి ఏ గుర్తింపూ తిరిగి తేలేదు.

పరిశోధన రంగానికీ ఇందులో బాధ్యత ఉంది. తోలుబొమ్మలాటను జానపద విజ్ఞానంలోనూ, కార్టూన్లనూ యానిమేనూ బాలసాహిత్యంలోనూ చేర్చే అలవాటు వల్ల వీటి మధ్య ప్రశ్నలు ఎక్కడా పుట్టడం లేదు. పల్నాటి గ్రామాల్లో రాత్రంతా బొమ్మలాట చూసిన తరం వృద్ధాప్యంలో ఉంది. అదే ఇళ్లలో మనుమలు తెలుగు మాటలతో యానిమే చూస్తున్నారు. ఒకే అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి, బొమ్మలో వారు ఏమి చూశారో అడిగి నమోదు చేయగల అవకాశం ఎంతోకాలం ఉండదు. బొమ్మకు వయసు లేదు, మనమే కట్టాము. ఎప్పుడు, ఎందుకు కట్టామో తెలుసుకోవడం పల్నాటి ప్రేక్షక చరిత్రకు తొలి మెట్టు.