సవార్లు వాళ్లు, సాయీసులం మేము

ముస్లిం అనగానే చాలామంది కళ్ల ముందు ఒక బొమ్మ కదుల్తుంది. గుర్రం, దాని మీద గడ్డపాయన, చేతిలో కత్తి. పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో, ఉపన్యాసాల్లో మేము ఎప్పుడూ గుర్రం మీదే వస్తాం. దిగి నడిచిన మనిషి ఎక్కడా కనిపించడు. మరి ఆ గుర్రానికి దాణా పెట్టిందెవరు? లాడం కొట్టిందెవరు? పొగరుపట్టిన పిల్లను సవారీకి మచ్చిక చేసిందెవరు? చరిత్ర ఈ ప్రశ్న అడగలేదు. మేమైనా అడగాలి కదా!

గుర్రం చుట్టూ ఉన్న మాటల్లోనే సగం జవాబుంది. కళ్లెం, గిట్ట, జూలు తెలుగువి. జీను, లగాము, రికాబు, సవారీ ఫార్సీ, అరబ్బీల దారిన వచ్చి తెలుగైపోయాయి. ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ణి సలోత్రీ అంటారు. అది శాలిహోత్రుడి పేరు. ఆయన పేరిట ఉన్న సంస్కృత అశ్వశాస్త్రం ఫార్సీలోకి మారింది. బహ్మనీల దక్కన్‌లోనూ ఆ పని జరిగింది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను పద్యాల్లో చెబితే, సాదత్ యార్ ఖాన్ రంగీన్ ఉర్దూలో ఫరస్‌నామా రాశాడు. గుర్రం ఒంటి మీద సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పే నమ్మకం ఇద్దరిదీ. ఈ విద్యను మతాల వారీగా పంచమంటే ఎవరు పంచగలరు?

పుస్తకాలకెక్కని విద్య చాబుక్ సవార్లది. గుర్రాలను సవారీకి తయారుచేసే ఉస్తాదులు వాళ్లు. నేజాబాజీనే చూడండి. నేలలో పాతిన చెక్క మేకును, గుర్రం దౌడు తీస్తుండగా బల్లెంతో గుచ్చి ఎత్తుకుపోవాలి. చూసేవాళ్లకు అది ఒక్క క్షణం. దాని వెనక నెలల ఓపిక. ముందు గుర్రాన్ని మేకు పక్కనుంచి నడిపిస్తారు. తర్వాత దుడుకు నడక, ఆ తర్వాత దౌడు. పక్కకు తొలగకుండా, బల్లెం నీడకు బెదరకుండా, తిన్నగా పోవడం అది నేర్వాలి. కొట్టి నేర్పితే రాదు. బెదిరిన గుర్రం ప్రతిసారీ బెదురుతుంది. చప్పట్లు మాత్రం సవారుకే!

హైదరాబాద్ రాజ్యంలో గోల్కొండ లాన్సర్లను నడిపిన అఫ్సరుల్ ముల్క్ పోలో ఆటగాడిగా పేరుపొందాడు. ఆయన పేరు నిలిచింది. ఆయన గుర్రాలను మాలిష్ చేసిన చేతుల పేర్లేవి? 1918లో పాలస్తీనా యుద్ధానికి వెళ్లిన దళంలో జోధ్‌పూర్, మైసూర్‌లతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల గుర్తే. తుర్కీ ఖలీఫా సైన్యం మీదికి, ఇంగ్లీషువాడి కోసం, నిజాం పంపిన దళం! 'మతం కోసం గుర్రమెక్కినవాళ్లు' అనే కథ ఇక్కడే కూలిపోతుంది. అది కొలువు. కడుపు కోసం చేసిన కొలువు. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం ఫౌజు రద్దయింది. నవాబులకు దేవిడీలైనా మిగిలాయి. సాయీసుకు లాయమే పోయింది.

1982లో ఢిల్లీ ఆసియాడ్‌లో, గుర్రపు స్వారీ ఈవెంటింగ్‌లో రఘువీర్ సింగ్ స్వర్ణం, గులాం మొహమ్మద్ ఖాన్ రజతం తెచ్చారు. మళ్లీ వ్యక్తిగత పతకానికి 36 ఏళ్లు పట్టింది. 2018లో జకార్తాలో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రజతం గెలిచాడు. డ్రెసాజ్‌లో గుర్రం చెప్పినట్టు అడుగు వేయాలి, క్రాస్‌కంట్రీలో గుంటలూ దుంగలూ దాటాలి, జంపింగ్‌లో కడ్డీ పడకుండా దూకాలి. మూడింటా గెలవాలంటే గుర్రానికీ మనిషికీ నమ్మకం కుదరాలి. పతకాల రోజున వీళ్లు దేశం బిడ్డలు. సంతోషమే. పతకం లేని రోజున, పతకం లేని మాబోటివాళ్లం ఎవరి బిడ్డలం?

ఇవాళ స్వారీ డబ్బున్నవాళ్ల ఆట. స్వారీ స్కూలు ఫీజు మా బస్తీకి అందదు. మా బస్తీవాడికి గుర్రమంటే పెళ్లి బారాత్‌లో ఎవరినో కూర్చోబెట్టి, తాను లగాము పట్టుకుని నడవడమే.

అందుకే జీను మాదని మేము గొప్పలు పోము. ఆ జీను మీద కూర్చున్నవాళ్ల పాపాలు కూడా మా నెత్తిన వేయొద్దంటున్నాం. చరిత్రలో మా చోటు వెతకాలంటే లాయంలో వెతకండి. గడ్డి వాసనలో, లాడం చప్పుడులో మేమున్నాం. మా పక్కనే మీ తాతలూ ఉన్నారు.