గాజుతొట్టిలో సన్యాసిపీతలు

భోజనమునకు గూర్చుండుటకు ముందు కాకికొక ముద్ద పెట్టు నాచారము మన యిండ్లలో నేటికిని అక్కడక్కడ నిలిచియున్నది. కాకి ఎంగిలి తినును, చచ్చిన ఎలుకను తినును, పెంటకుప్పను కెలకును. అయినను దానికి మంచి అన్నములోనుండియే ముద్ద తీసి పెట్టుచున్నాము. నేడు నేను విన్నవించు చరిత్రలో నిట్టి ప్రాణులే ముఖ్యపాత్రలు. సముద్రపునీటిని గాజుతొట్టిలో నిలిపి అందు ప్రాణులను బ్రదికించు విద్య ఇంగ్లండులో 19వ శతాబ్ది నడుమ వర్ధిల్లినది. ఆ విద్యను నిలిపినవి అందమైన చేపలు గావు. ఎంగిలి తిను నత్తలును పీతలును. వానికి ఎంత పెట్టవలెనో తెలియుటకు మాత్రము లెక్కకు రాని ప్రాణులు బలియైనవి.

సముద్రపుటొడ్డున నున్నవారు సన్యాసిపీత నెఱుగుదురు. తడియిసుకమీద చిన్న శంఖమొకటి తనంతట తాను నడచిపోవుచుండును. చేత బట్టినచో లోనున్న పీత ముడుచుకొని, పటుకారువంటి ముందుకాలితో వాకిలి మూయును. దాని వెనుకభాగము పెంకులేని మెత్తని మాంసము. దానిని దాచుకొనుటకై చచ్చిన నత్తల గుల్లలలో దూరి, ఒడలు పెరిగినకొలది పెద్దగుల్లలోనికి మారును. ఈ సంగతిని క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు పండితుడైన అరిస్టాటిలే వ్రాసియున్నాడు. తనకని ఇల్లు కట్టుకొనదు గావున సన్యాసి యను పేరు దీనికి తగియే యున్నది. కాని మఠముకొఱకు తగవులాడు సన్యాసి. మంచిగుల్ల యొకటి కనబడినచో రెండు పీతలు పోరాడును.

ఇంగ్లండులో గాజుమీది సుంకము 1845లో తొలగింపబడినది. అంతటితో గాజుపలకలు చవుకయైనవి. మఱుసటియేడు, అనగా 1846లో, అన్నా థిన్ అను నామె టార్కీ తీరమునుండి రాతిపగడపు జంతువులను కొన్నింటిని జాడీలో లండనునకు దెచ్చినది. తెచ్చిన నీరు చెడకుండుట యెట్లు? ఆమె పనికత్తె తెఱచిన కిటికీముందు నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మఱొక పాత్రలోనికి అరగంట, ముప్పావుగంట పోయుచుండెడిది. పాలు చల్లార్చు విధముగా పోయుటవలన నీటిలో గాలి చేరెడిది. తరువాత ఆమె సముద్రపునాచునుగూడ చేర్చినది. చరిత్రలో ఆ పనికత్తెపేరు నిలువలేదు. ఆ జంతువుల ప్రాణములు మాత్రము నిలిచినవి.

ఆ దినములలోనే రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు లండనులో మఱొక పరీక్ష చేసెను. ఇది మొదట మంచినీటిలో చేసినది. ఒక తొట్టిలో ఇసుక, ఱాళ్లు, నీటిమొక్కలు, రెండు చిన్న బంగారుచేపలు ఉంచెను. మొక్క విడుచు ప్రాణవాయువును చేప పీల్చును. చేప విడుచు దానిని మొక్క గ్రహించును. కావున నీరు మార్చనక్కఱలేదని ఆయన తలంపు. యుక్తి బాగున్నది, నీరు మాత్రము చెడినది. మొక్కల ముదురాకులు కుళ్లి నీరు మఱ్ఱి, గాజుమీద పాకుడు పట్టినది. అప్పుడాయన చెఱువునత్తలను అయిదాఱింటిని తెచ్చి వేసెను. అవి కుళ్లినయాకును పాకుడును మేసి నీటిని తేటపఱచినవి. అంతియే కాదు, ఆ నత్తలు పెట్టిన గ్రుడ్లు చేపల కాహారమైనవి. ఈ వృత్తాంతమును ఆయన 1850లో రసాయనశాస్త్రసంఘమునకు నివేదించెను. రెండేండ్లకు సముద్రపునీటితోడను ఇట్లే చేసి, పాకుడు మేయు చిన్న సముద్రపునత్తలను అందులోనికి చేర్చెను.

నా మనస్సునకు ఈ కథలో మిక్కిలి నచ్చినది ఈ ఘట్టమే. ఇద్దఱుండిన చాలునను లెక్క కుదురలేదు. ఎంగిలి తిను మూడవవాడు వచ్చినతరువాతనే సంసారము నిలిచినది.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో జలచరములకై గాజుతొట్ల మందిరము తెఱవబడినది. మఱుసటియేడు ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ప్రకటించిన గ్రంథమువలన 'అక్వేరియము' అను పేరు ఇంటింట వ్యాపించినది. సముద్రమునకు దూరమైనవారికొఱకు వంటయుప్పు మొదలగు నాలుగు లవణములను మంచినీటిలో గలిపి సముద్రపునీటిని చేయు విధమునుగూడ ఆయన 1854లోనే తెలిపెను.

ఆ గ్రంథములో సన్యాసిపీత భోజనమునుగూర్చి ఒక ముచ్చట యున్నది. గాస్ ఒకనాడు తన పీతకు వండిన మాంసపుతునక నిచ్చెను. పీత దానిని నోటికడకు దెచ్చుకొని నమలుచుండెను. ఇంతలో ఆ గుల్లలోనుండియే, పీత చెక్కిలిప్రక్కగా, ఒక పొడవైన సముద్రపుపురుగు తల బయటికి వచ్చెను. నోటిలోని ముక్కను పట్టి లాగుకొని లోనికి బోయెను! పీత తన ముక్కకై కొంచెము పెనుగులాడినదేకాని ఆ పురుగుపై కోపగింపలేదని గాస్ ఆశ్చర్యపడెను. ఆ పురుగు పీతతో ఒకే గుల్లలో కాపురముండు జాతి. అద్దెయిల్లు, అందులో మఱల అద్దెకుండువాడు, వాడు యజమాని విస్తరిలో చేయిపెట్టుట! మనము ఒక నోటికని వేసిన మెతుకు ఎన్ని నోళ్లకు బోవుచున్నదో చూడుడు.

ఈ విద్య వేలంవెఱ్ఱియైనది. రైళ్లలో సముద్రతీరమునకు బోయి బుట్టలకొలది ప్రాణులను తెచ్చి తొట్లలో నింపిరి. జాలిపడి మాంసము వేసిరి. వేసినది తినగా మిగిలినది కుళ్లెను. ఒక ప్రాణి చచ్చిన దాని కుళ్లువలన తక్కినవియు చచ్చెను. ఒడ్డున ఱాళ్లసందుల నున్న జీవసంపద కొల్లపోయినది. తన తండ్రి గ్రంథములే జనులను అటు పురికొల్పినవని గాస్ కుమారుడు ఎడ్మండు 1907లో ప్రకటించిన స్వీయకథలో చింతించియున్నాడు.

ఇక వారింగ్టను కుమారుని సంగతి. అతని పేరును రాబర్టే. అతడు రోథాంస్టెడ్డు వ్యవసాయ పరిశోధనస్థానమున పొలములమట్టిని పరీక్షించినవాడు. పెంట యెరువు పైరున కాహారముగా మాఱుట యెట్లని ఆనాటి ప్రశ్న. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగు, ముంట్జు అనువారు మురుగునీటిని ఇసుకగుండ మెల్లగా దింపి చూచిరి. సుమారు 20 దినములవఱకు ఏ మార్పును లేదు. ఆపైని మురుగులోని అమోనియా యను విషము నైట్రేటుగా మాఱజొచ్చెను. క్లోరోఫారము ఆవిరి పట్టించినంతనే ఆ మార్పు ఆగిపోయెను. కావున ఇది ఉత్త రసాయనక్రియ గాదు. కంటికి గానరాని జీవుల పని. వారింగ్టను కుమారుడు ఈ పని రెండంచెలుగా జరుగునని చూపెను. ఆ సూక్ష్మజీవులను వేఱుచేసి పెంచగలిగినవాడు మాత్రము రష్యాదేశీయుడైన వినొగ్రాడ్‌స్కీ, 1890లో. తొట్టిలో తేటనీరును కాపాడునవి నత్తలని తండ్రి చూచెను. నత్తలు విసర్జించినదానిని గూడ శుద్ధిచేయువారు ఇసుకలో నున్నారని కుమారుని మట్టిపరీక్షవలన మనకు తెలిసినది. మీ పొలములో ఎరువును పైరున కందించునవియు ఈ కుటుంబములోనివే.

మన మదరాసు సముద్రపుటొడ్డున 1909లో ఇట్టి మత్స్యప్రదర్శనశాల యొకటి వెలసినది. అది రెండవ ప్రపంచయుద్ధకాలమున మూతపడినది. మా తాతగారు దానిని చూచివచ్చి, గాజువెనుక పాములు ఈదుచుండెనని మాకు చెప్పుచుండెడివారు.

నేను ఉద్యోగము విరమించినతరువాత మా మనుమడు భీమునిపట్టణపు టొడ్డునుండి మూడు సన్యాసిపీతలను తెచ్చెను. చిన్న గాజుతొట్టిలో సముద్రపునీరు పోసి, కడిగిన యిసుక పఱచి విడిచితిమి. అవి గాజునంటి ఎగబ్రాకుచుండగా ఆకలిచే నట్లు చేయుచున్నవని నాకు తోచినది. ఉడికించిన రొయ్యలను రెండింటిని చిదిపి వేసితిని. ఉపవాసముండు అతిథిని చూడలేను గదా! మూడవనాడు నీరు కలిగంజివలె తెల్లబడి, వాసన పుట్టినది. మూడు పీతలును గుల్లలు విడిచి బయట పడియున్నవి. పిల్లవాడు ఏడ్చెను. ఎన్నో యేండ్లు పిల్లలకు పాఠము చెప్పినవాడను. కొత్తతొట్టిలో ఆ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నెలకు పైగా పట్టునని అప్పుడు నేనెఱుగను.

రెండవమాఱు పీతలను పిమ్మట తెచ్చితిమి, నీటిని ముందు. ఇసుకను కడుగక వేసితిమి. నెలన్నర గడచి గాజుమీద పచ్చనిపాకుడు పొడసూపినతరువాత రెండు నత్తలను, అటుపిమ్మట రెండు పీతలను విడిచితిమి. పాకుడును ఎంగిలియే వానికి చాలునని కొందఱందురు, అదియు తప్పే. తొట్టి తేటపడినకొలది వానికి మేత తఱుగును. ఆకలిగొన్న పీత నత్తను చంపి తినును, గుల్లకొఱకును చంపును. అందువలన రెండుదినముల కొకమాఱు సాయంకాలమున ఒక్కొక్క పీతకు పెసరగింజంత ఉప్పులేని రొయ్యముక్క నందింతుము. అప్పుడప్పుడు దానికి బదులు సముద్రపునాచు తునుక. మిగిలినది నిద్రకు బోవుటకు ముందే తీసివేయుదుము. ఆవిరియైపోయిన నీటికి బదులు మంచినీరే పోయవలెను; ఉప్పు ఆవిరిగా పోదు గదా. రాగిచెంబుతో మాత్రము పోయరాదు. మనకు రాగి పవిత్రమే. పీతలకును నత్తలకును రాగి చేరిన నీరు విషము.

తొట్టిమూలన మూడు ఖాళీగుల్లలుంచితిమి, ఒకదానికంటె నొకటి పెద్దవి. మొన్న తెల్లవాఱుజామున చూచునప్పటికి పెద్దపీత నడిమిగుల్లలో నున్నది; దాని పాతయింటిని చిన్నపీత తిరగవేసి, లోపల కాలుపెట్టి కొలుచుచుండెను.