అలంకారద్రవ్యములు – అహింసాపరీక్షలు



దేహమునకు రంగును, పరిమళమును, నునుపును గూర్చుకొనవలెనను కోరిక మానవునకు నిన్న మొన్న పుట్టినది కాదు. వాత్స్యాయనుడు లెక్కించిన అఱువదినాలుగు కళలలో దంతములకును, వస్త్రములకును, శరీరమునకును రంగు వేయుట యొకటి. ఆఱవ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి యను నధ్యాయమును వ్రాసి, నెరసిన వెండ్రుకలకు నలుపెక్కించు విధానమును గూడ చెప్పెను. మన యిండ్లలో పసుపు, సున్నిపిండి, కాటుక, గోరింటాకు తరతరములుగ వాడుకలో నున్నవి. ఒంటికి పడినదానిని తరువాతివారు వాడిరి, పడనిదానిని విడిచిరి. అట్లని ప్రాచీనమైనదెల్ల నిరపాయమని చెప్పరాదు. సీసపు ఖనిజముతో చేసిన సుర్మా శరీరమున విషమెక్కించునని వైద్యులు నిరూపించియున్నారు.

పందొమ్మిదవ శతాబ్దము నడుమ నొక గొప్ప మార్పు వచ్చెను. 1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్లయువకుడు నేలబొగ్గు తారునుండి తీసిన పదార్థముతో ఊదారంగును చేసెను. అది మొదలుగ రసాయనశాలలలో పుట్టిన వర్ణములు, పరిమళములు కోకొల్లలుగ అంగడి కెక్కినవి. వీనికి వెనుకటి తరముల యనుభవము లేదు. అప్పుడొక ప్రశ్న పుట్టెను: క్రొత్త ద్రవ్యము దేహమునకు హాని చేయునో చేయదో మొదట ఎవరిమీద చూడవలెను? ఈ ప్రశ్నకు చరిత్ర మూడు సమాధానములు చెప్పినది. మొదటిది, కొనువారి మీదనే. రెండవది, నోరులేని జంతువుల మీద. మూడవది, గాజుపాత్రలో పెంచిన కణముల మీద. ఈ మూటి కథయే నేటి ప్రసంగవిషయము.

మొదటి సమాధాన మెంత ఘోరమైనదో అమెరికాలో తెలియవచ్చెను. ఆ దేశమున 1906లో ఆహారౌషధముల శాసన మొకటి పుట్టినది గాని, అందు అలంకారద్రవ్యముల ప్రస్తావన లేదు. 1933 ప్రాంతమున 'లాష్ లూర్' అను పేర కనురెప్పల వెండ్రుకలకు వేయు రంగు అచటి అలంకారశాలలలో వాడుకకు వచ్చెను. అందు పారాఫెనిలీన్ డయామీన్ అను తారుజన్యద్రవ్యము కలదు. దానిని వేయించుకొన్న స్త్రీలలో కొందఱి కన్నులు వాచి, పుండ్లుపడి, చూపు పోయెను. మరణము సైతము సంభవించెను. అధికారులకు సంగతి తెలిసియు, ఆ సరకును అంగడినుండి తొలగించుటకు వారి చేతిలో శాసనము లేకపోయెను. బాధితుల చిత్రములను ప్రదర్శనశాలలో నుంచి ప్రజలకును, శాసనకర్తలకును చూపుట మాత్రమే వారికి సాధ్యమయ్యెను. 1937లో సల్ఫనిలమైడ్ ద్రావకమను మందు నూఱుమందికి పైగా ప్రాణములు తీసెను. ఈ విపత్తులన్నియు కలిసి 1938లో క్రొత్త శాసనమునకు కారణమైనవి. అలంకారద్రవ్యములును ప్రభుత్వపు అదుపులోనికి వచ్చెను.

ఇక రెండవ సమాధానము. 1944లో అమెరికా ఆహారౌషధశాఖకు చెందిన జాన్ డ్రేజ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులును ఒక పరీక్షావిధానమును ప్రకటించిరి. తెల్లని కుందేలు క్రింది కనురెప్పను కొంచెము లాగి, అందు 0.1 మిల్లీలీటరు ద్రవ్యమును వేయుదురు. రెండవ కంటిని పోల్చి చూచుటకై విడిచిపెట్టుదురు. పిమ్మట దినదినమును కంటిని చూచి మార్కులు వేయుదురు. నల్లగ్రుడ్డుమీది స్వచ్ఛమైన పొర మసకబాఱుటకు 80, లోపలి వర్ణపటలమునకు 10, చుట్టునున్న పొర ఎఱ్ఱబడి వాచుటకు 20; మొత్తము 110 మార్కులు. బడిపిల్లవాని కెక్కువ మార్కులు వచ్చిన సంతోషింతుము. ఇచ్చట మార్కులు పెరిగినకొలది ఆ జీవికి బాధ.

ఈ విధానమును కల్పించినవారు క్రూరులని నేననను. మఱియొక స్త్రీ గ్రుడ్డిది కాకూడదని వారి సంకల్పము. మానవరక్షణ యను ధర్మమును నిలుపబోయి, భూతదయ యను ధర్మమును గాయపఱచిరి. ధర్మమునకు ధర్మముతోడనే విరోధము వచ్చినప్పుడు నిర్ణయము కష్టము. కాని ఔషధము వేఱు, అధరరాగము వేఱు. ప్రాణము నిలుపు మందునకును, పెదవి కెఱుపు నిచ్చు రంగునకును ఒకే మూల్యము చెల్లింపవచ్చునా? ఈ సందేహము క్రమముగ బలపడెను.

ఆ మూల్యము చెల్లించినను దొరకిన జ్ఞానము నమ్మదగినదా యనునది మఱియొక సందేహము. కుందేలునకు మనకు లేని మూడవ రెప్ప యొకటి కలదు. దాని కంటనీరును, కంటిపొరయు మనవానివంటివి కావు. 1971లో వైల్, స్కాలా అను నిరువురు శాస్త్రజ్ఞులు ఒకే ద్రవ్యములను ఇరువదికి పైగా ప్రయోగశాలలలో పరీక్షింపజేసి ఫలితములను ప్రకటించిరి. ఒకచోట తీవ్రమని తేలినది మఱియొకచోట స్వల్పమని తేలెను. చూచువాని కన్నే కొలబద్ద యైనచో కొలత నిలుకడగ నుండునా?

1959లోనే రస్సెల్, బర్చ్ అను నిరువురు ఆంగ్లశాస్త్రజ్ఞులు గ్రంథమొకటి వ్రాసి మూడు సూత్రములను చెప్పియుండిరి. సాధ్యమైనచోట జంతువునకు బదులు మఱియొక సాధనమును వాడవలెను; సాధ్యము కానిచోట జంతువుల సంఖ్యను తగ్గింపవలెను; తప్పనిచోట బాధను తగ్గింపవలెను. ఈ సూత్రములు చాలకాలము గ్రంథమునందే యుండెను. వానిని వీధికి తెచ్చిన ఘనత హెన్రీ స్పైరా అను నాతనిది. ఆయన నావికుడుగ పనిచేసి, పిమ్మట న్యూయార్కు నగరమున పాఠశాలోపాధ్యాయు డయ్యెను. 1980 ఏప్రిలులో న్యూయార్కు టైమ్స్ పత్రికలో పూర్తిపుట ప్రకటన వేయించి, అందముకొఱకు ఎన్ని కుందేళ్లను గ్రుడ్డివానిని చేయుచున్నారని రెవ్లాన్ కంపెనీని బహిరంగముగ ప్రశ్నించెను. కంపెనీని నాశనము చేయుట ఆయన యుద్దేశము కాదు. క్రొత్త మార్గమును వెదకుటకు ధనమిమ్మని యడిగెను. ఆ కంపెనీ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు ఏడులక్షల యేబదివేల డాలర్లు పరిశోధనకై యిచ్చెను. 1981లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఈ పనికే యొక కేంద్రము నెలకొనెను.

మూడవ సమాధానమునకు బీజము అంతకు ముందే పడినది. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అను శాస్త్రజ్ఞులు మానవచర్మకణములను గాజుపాత్రలో పెంచు నుపాయమును కనుగొనిరి. దీనినుండియే కృత్రిమచర్మము పుట్టెను. శస్త్రచికిత్సలో తొలగించిన చర్మమునుండి, దాత యనుమతితో, కణములను తీసి పలుచని జల్లెడవంటి పొరమీద నాటుదురు. క్రిందినుండి పోషకద్రవము, పైనుండి గాలి తగులునట్లు అమర్తురు. కొలది వారములలో ఆ కణములు దొంతరలు కట్టి, మన చర్మమువలెనే పైన గట్టిపొరను ఏర్పఱచుకొనును.

దానిమీద పరీక్షింపదలచిన ద్రవ్యమును పూసి, నియమితకాలము గడిచిన పిదప కడిగివేసి, 42 గంటలు నిలువయుంతురు. ఆ మీదట పసుపుపచ్చని యొక రసాయనమును చేర్తురు. బ్రతికియున్న కణములు దానిని ఊదారంగుగ మార్చును. చచ్చిన కణములు మార్చలేవు. ఆ రంగు గాఢతను యంత్రముతో కొలుతురు. ఏమియు పూయని తునుకతో పోల్చగా సగము గాని, అంతకు తక్కువ గాని కణములు మిగిలినచో ఆ ద్రవ్యము చర్మమునకు మంట పుట్టించునదని నిర్ణయింతురు. ఇచ్చట మార్కులు వేయునది మనుష్యుని కన్ను కాదు, యంత్రము. ఈ పరీక్షను 2010లో ఆర్థికసహకారాభివృద్ధి సంస్థ తన ప్రమాణపరీక్షలలో చేర్చెను. కంటి విషయమున, మాంసముకొఱకు కబేళాలో వధింపబడిన పశువుల కన్నులను తెచ్చి, పొర ఎంత మసకబాఱినదో, రంగు ఎంత చొరబడినదో కొలుచు పద్ధతి 2009లో అంగీకరింపబడెను. దానికై వేఱుగ జంతువును చంపుట లేదు. దురద, దద్దురులు పుట్టించు గుణమునకు ఒక్క పరీక్ష చాలదు గనుక, రెండు మూడు పరీక్షల ఫలితములను కలిపి నిర్ణయించు విధానము 2021లో వెలువడెను.

శాస్త్రము దారి చూపగా శాసనము వెంబడించెను. ఐరోపాసమాఖ్య 2004లో తయారైన అలంకారసామగ్రిని, 2009లో అందలి ద్రవ్యములను జంతువులపై పరీక్షించుట నిషేధించెను. 2013 మార్చి 11 నుండి అట్లు పరీక్షించిన సరకును అమ్ముటయు నిషిద్ధమయ్యెను. మన భారతదేశము 2014 మేనెలలో అలంకారద్రవ్యముల పరీక్షకు జంతువులను వాడరాదని నిబంధన చేసెను. ఆ సంవత్సరము నవంబరునుండి అట్టి సరకుల దిగుమతిని గూడ ఆపెను. దక్షిణాసియాలో ఈ పని మొదట చేసినది మన దేశమే.

ఇంతమాత్రమున సమస్య తీఱినదని చెప్పరాదు. ఒక ద్రవ్యము నెలలతరబడి దేహములో చేరినచో కాలేయమునకేమగును, గర్భస్థశిశువున కేమగును అను ప్రశ్నలకు కొన్ని కణములు పూర్తి సమాధానము చెప్పజాలవు. మఱియు మానవారోగ్యమును, పర్యావరణమును రక్షించుటకై చేసిన రసాయనశాసనము క్రింద, అలంకారమున కుపయోగించు ద్రవ్యములకే జంతుపరీక్ష కోరవచ్చునని 2023లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ద్వారము మూసినను కిటికీ తెఱచియున్నది.

చివరకొక మాట. లాష్ లూరులోని పారాఫెనిలీన్ డయామీన్ చరిత్రపుటలలో నిలిచిపోలేదు. నేడు మన గ్రామములలో తలకు వేసికొను నల్లరంగులలో పెక్కింట నది కలదు. నల్లగోరింటాకు పేర అమ్ముదానిలోను కలియుచున్నది. అది యున్న తలరంగు పొట్లముమీద ఆంగ్లమునను, ప్రాంతీయభాషలోను హెచ్చరిక యుండవలెనని మన నిబంధన. కనుబొమ్మలకు, కనురెప్పలకు వేయరాదు. వేసినచో చూపు పోవచ్చును. తలకు వేయుటకు ముందు చెవి వెనుకనో, ముంజేతి లోపలి వైపుననో కొంచెము పూసి, 24 గంటలు చూచి, దురదయు వాపును లేకున్న మాత్రమే వాడవలెను. వేసిన ప్రతిసారియు నిట్లే చూడవలెను. నిరుడు పడినది ఈ యేడు పడకపోవచ్చును.

ఆ చిన్న యక్షరముల వెనుక కన్నులు పోగొట్టుకొన్న స్త్రీలును, కుందేళ్లును ఉన్నారు. వారు చెల్లించిన మూల్యమునకు ఫలము చదువువానికే దక్కును. చదువు రాని యిరుగుపొరుగువారికి ఆ నాలుగు పంక్తులు చదివి వినిపించుట అక్షరజ్ఞానము గల పెద్దల విధి. చదివి వినిపించుడు. సెలవు.