రెండు సూర్యోదయముల ప్రయాణము

బాటసారి వచ్చి ‘ఆ యూరు ఎంత దూరము?’ అని యడిగినచో, మన పల్లెలలోని పెద్దలు ‘పొద్దువాలులోపల చేరుదువు’ అని చెప్పెడివారు. దూరమును కాలముతో కొలుచుట వారి యలవాటు. ఆ కొలతనే చేతబట్టి, ఇంగ్లండునకును ఆస్ట్రేలియాకును నడుమగల యాకాశమార్గము నూరేండ్లలో నెట్లు మారినదో విన్నవించెదను.

1919వ సంవత్సరమున ఆస్ట్రేలియా ప్రభుత్వము, ముప్పది దినములలో ఇంగ్లండునుండి తమ దేశమునకు విమానముపై రాగలిగిన ఆస్ట్రేలియనులకు 10,000 పౌనుల బహుమానము ప్రకటించెను. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు ఇద్దరు యంత్రజ్ఞులతో గూడి, నవంబరు 12వ తేదీన లండను చెంతనుండి బయలుదేరి, కరాచి, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాలలో దిగుచు, డిసెంబరు 10వ తేదీన డార్విన్ పట్టణము చేరిరి. పట్టినవి ఇరువదియెనిమిది దినములు. అందు ఆకాశమున గడచినవి సుమారు 136 గంటలు మాత్రమే, అనగా ఆరు దినములైనను కావు. తక్కిన కాలమంతయు నేలపైననే గడచెను. జావా ద్వీపమున సురబయ యొద్ద విమానము బురదలో దిగబడగా, అచ్చటి జనుల యిండ్లనుండి వెదురుచాపలు తెచ్చి పరచి, వానిపైనుండి దానిని లేవదీసిరి. కాలమును మ్రింగినది దూరముకంటె మజిలీలే యని దీనివలన తెలియుచున్నది.

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమగుటతో ఆ మార్గము తెగిపోయెను. దూరము అంగుళమైనను పెరుగలేదు. దారి మాత్రము లేకపోయెను. అంతట 1943లో క్వాంటాస్ సంస్థవారు పెర్త్ నగరము చెంతనున్న స్వాన్ నదినుండి సింహళములోని కొగ్గల సరస్సునకు కాటలీనా అను నీటివిమానములను నడపిరి. నడుమ సుమారు 5,650 కిలోమీటర్ల సముద్రము. పెట్రోలు బరువుచేత ముగ్గురు ప్రయాణికులకు మించి ఎక్కించుకొనుటకు వీలులేదు. శత్రువు వినునను భయమున వైర్‌లెస్ యంత్రము మౌనము వహించెను; నక్షత్రములే దారి చూపెను. ఇరువదియేడు మొదలు ముప్పదిమూడు గంటలు పట్టు ఆ ప్రయాణమున, లోనున్నవారు సూర్యోదయమును రెండుమారులు చూచెడివారు. 1945 జూలై వరకు ఆ విమానములు ఆ సముద్రమును 271 మారులు దాటెను.

2018 మార్చి 24వ తేదీన అదే పెర్త్ నగరమునుండి బయలుదేరిన విమానము ఎచ్చటను దిగక, 14,498 కిలోమీటర్ల దారిని సుమారు పదునేడు గంటలలో గడచి, మరునాటి వేకువకు లండను చేరెను. ఒకనాడు సింహళమునకు పట్టిన కాలములో మూడింట రెండు పాళ్లైనను పట్టలేదు!

నేను బడిలో భూగోళము నేర్పునపుడు, గోళముపై రెండు నగరముల నడుమ దారము బిగబట్టి పిల్లలకు చూపెడివాడను. ఆ దారము 1919లో నెంతయో 2018లోను అంతయే. కాలమును కుదించినది మనుష్యుల బుద్ధి. దారిని త్రెంచినది మనుష్యుల యుద్ధము.

దూరదేశములందున్న మీ బిడ్డలు ‘ఒక్క రాత్రి ప్రయాణమే గదా’ అని మిమ్ము ఊరడించునపుడు సంతోషింపుడు. కాని ఆ రాత్రి ఒక్కటిగా నిలుచుట, నడుమనున్న దేశములు తమ యాకాశమును శాంతితో తెరచియుంచినంతవరకే యని మరువకుడు.