కదిలేకొద్దీ బరువెక్కే బండ

మా అమ్మమ్మగారిది ప్రకాశం జిల్లా. తిరునాళ్ళకి వెళ్ళినప్పుడల్లా తాతయ్య భుజాలమీద కూచుని ఎడ్ల బండలాగుడు పందేలు చూసినవాణ్ణి. అందుకని, ఒహాయోలో పనిచేసే రోజుల్లో పక్క క్యూబికల్ మిత్రుడు "మా కౌంటీ ఫెయిర్‌లో ఏటీవీతో స్లెడ్డు లాగుతున్నా, కాస్త లెక్కలు చేసిపెడతావా?" అనగానే ఎగిరి గంతేశాను. నాలుగు లావుపాటి చక్రాలు, మోటార్‌సైకిల్ హ్యాండిలు, గడ్డిమోపులు మొయ్యడానికి ముందో ర్యాకు, వెనకో ర్యాకు... అదీ ఏటీవీ అంటే. దానికి గొలుసు కట్టి, బరువున్న స్లెడ్డుని మట్టి ట్రాకు మీద లాగించాలి.

ఇంతకీ ఈ పందెం పుట్టింది ఏటీవీలతో కాదు, గుర్రాలతో. నా గుర్రాలు గొప్పవంటే నావి గొప్పవని రైతులు బరువులు లాగించేవాళ్ళు. గుర్రాల స్థానంలోకి ట్రాక్టర్లొచ్చాక గొప్పలూ వాటికే బదిలీ అయిపోయాయి. మోటారు బండ్లతో తొలి పోటీలు 1929లో ఒహాయోలోని వాన్స్‌విల్‌లో, మిస్సోరీలోని బౌలింగ్ గ్రీన్‌లో జరిగాయంటారు.

అయితే ఇక్కడో చిక్కుంది. బరువు కదలకుండా అంతే ఉంటే, దాన్ని కదిలించగలిగిన బండి చివరిదాకా లాగేస్తుంది, కదిలించలేనిది అక్కడే ఆగిపోతుంది. మధ్యలో తేడా ఎలా తేల్చడం? మనవాళ్ళు దీన్ని కాలంతో పరిష్కరించారు. బండ బరువు మారదు. ఇచ్చిన నిమిషాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ వయసుని బట్టి విభాగాలు. ఎద్దుకి అలుపు వస్తుంది కాబట్టి ఈ పద్ధతి పనికొచ్చింది. ట్రాక్టరుకి అలుపెక్కడిది? డీజిలున్నంతసేపూ లాగుతూనే ఉంటుంది.

అందుకని అమెరికా రైతులు బరువునే పెంచుతూ పోయారు. తొలినాళ్ళ ఉపాయం వింటే నవ్వొస్తుంది. ట్రాకు పక్కన మనుషులు వరసగా నిలబడేవాళ్ళు. స్లెడ్డు తమ దగ్గరికి రాగానే ఒక్కొక్కళ్ళే ఎక్కేసేవాళ్ళు! ట్రాక్టరు ముందుకెళ్ళేకొద్దీ జనం పెరుగుతారు, ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఇంజన్ల జోరు పెరిగేసరికి, పరిగెడుతున్న స్లెడ్డెక్కడం ప్రమాదకరమైంది. పైగా ఎక్కే మనుషులందరి బరువూ ఒకటి కాదుగా.

ఆ తరవాత వచ్చినదే ఇవాళ్టి స్లెడ్డు. నన్నడిగితే ఈ మొత్తం కథలో హీరో ఇదే. వెనక చక్రాలు, ముందు నేలకి రాసుకునే ఇనప పళ్ళెం, పైన పట్టాలమీద బరువుల పెట్టె. మొదట్లో పెట్టె వెనక చక్రాల మీద ఉంటుంది, కాబట్టి స్లెడ్డు తేలిగ్గా దొర్లుతుంది. ఆ చక్రాలు తిరిగేకొద్దీ అవే పెట్టెని ముందుకి జరుపుతాయి. బరువంతా పళ్ళెం మీదకొచ్చి నేలని ఒరుసుకుంటుంది. అంటే ఎంత లాగితే అంత బరువవుతుంది! ఉన్న బరువునే అటునుంచి ఇటు జరిపి, అందరికీ ఒకే తూకంలో పరీక్ష పెట్టడం... మా లోడ్ టెస్టింగ్ వాళ్ళు దీనికి దణ్ణం పెట్టాలి :)

రాష్ట్రానికో రూలుంటే కుదరదని 1969లో ఎనిమిది రాష్ట్రాల ప్రతినిధులు కూచుని ఉమ్మడి నియమాలు రాసుకుని, నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. 1970లలో బాస్ అన్నదమ్ములు ఒకే షాఫ్టుకి రెండుమూడు ఇంజన్లు తగిలించే గేర్‌పెట్టె తయారుచేశారు. అక్కణ్ణుంచి పోటీ పొలం దాటిపోయింది. ఆదివారం పందెం లాగి సోమవారం అదే ట్రాక్టరుతో దున్నుకునే రైతుకి పెద్ద తరగతుల్లో చోటు లేకుండా పోయింది. నాకు ఇది నచ్చదు. పందెం కోసమే మేపే ఎడ్ల జతని చూసి తాతయ్య కూడా పెదవి విరిచేవాడు.

ఏటీవీల కథ వేరే దారిలో వచ్చింది. 1970లో హోండా మూడు చక్రాల బండి తెచ్చింది. చలికాలంలో మోటార్‌సైకిళ్ళు అమ్ముడుపోవు కాబట్టి, మంచులో తిరిగేది కావాలన్న అమెరికా డీలర్ల గోల దాని వెనకుంది. మరుసటేడే జేమ్స్ బాండ్ సినిమాలోకీ ఎక్కింది. కానీ మలుపుల్లో ఆ మూడు చక్రాలు తిరగబడేవి. చాలామంది, అందులో పిల్లలు కూడా, చచ్చిపోయారు. 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు వాటి అమ్మకం మానుకున్నాయి. అప్పటికే సుజుకీ నాలుగు చక్రాల బండిని మార్కెట్లోకి తెచ్చి ఉంది. పల్లెల్లో అదే పనిముట్టయిపోయింది.

మా మిత్రుడిది అలాంటి పని బండే. ఫోర్ వీల్ డ్రైవ్. గొలుసు కొక్కెం ఎత్తులో పెడితే వెనక చక్రాలు నేలని గట్టిగా కరుస్తాయని అతని వాదన. లెక్కేశాను. మనిషితో కలిపి 350 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 170. చక్రాల మధ్య దూరం 125 సెంటీమీటర్లు, కొక్కెం ఎత్తు 50. గొలుసు 300 కిలోల బిగువుతో లాగితే 300 ఇంటూ 50 బై 125, అంటే 120 కిలోలు ముందునుంచి వెనక్కి మారతాయి. ముందింకా 50 మిగిలింది, పర్లేదు పో అన్నాను.

పచ్చజెండా ఊపగానే మావాడు ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కాడు. వదులుగా ఉన్న గొలుసు బిగుసుకుని కుదుపిచ్చింది. వెనక స్ప్రింగులు కుంగి, ముందు చక్రాలు మనిషి నడుమెత్తు లేచాయి. అతని పదేళ్ళ కొడుకు కంచె దగ్గర అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. అదృష్టం, యాక్సిలరేటర్ వదిలేశాడు, బండి తిరగబడలేదు. సగటు లోడు లెక్కేసి, పీక్ లోడు మర్చిపోయిన ప్రోగ్రామర్‌ని నేను. ఆఫీసులో ఆ తప్పు చేస్తే సర్వర్ పడేది, ఇక్కడ మనిషి పడేవాడు.

మరుసటేడు కొక్కెం 38 సెంటీమీటర్లకి దించాం. అదే బిగువుకి మారే బరువు 91 కిలోలే. వెనక స్ప్రింగుల బదులు కదలని ఇనప కడ్డీలు, ముందు ర్యాకు మీద ఇసక మూటలు, లో గేరు. గొలుసు పూర్తిగా బిగిసేదాకా అంగుళం అంగుళం జరగమని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ట్యాంకుకి అతికించాను. 211 అడుగులు లాగాడు. మొత్తం ట్రాకు 300. సోమవారం పొద్దున్నే కడ్డీలు విప్పేసి, మళ్ళీ స్ప్రింగులు బిగించి, గడ్డిమోపులు ఎక్కించుకుని పొలానికి పోయాడు.