సిరిసిరిమువ్వ నుంచి సర్గమ్ వరకు: జయప్రద తొలి నటజీవితంపై ఒక పరిశీలన

హిందీ చలనచిత్ర చరిత్రను చెప్పేవారు జయప్రద ప్రస్తావనను సాధారణంగా 1979లో విడుదలైన ‘సర్గమ్’తో మొదలుపెడతారు. దక్షిణాది నుంచి వచ్చిన ఒక కొత్త నటి తొలి చిత్రంతోనే ఉత్తరాది ప్రేక్షకుల మన్నన పొందిందన్న కథనం వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, అప్పటికి అయిదేళ్లుగా తెలుగు, తమిళ, కన్నడ చిత్రాలలో నటిస్తూ, పెద్ద దర్శకుల చేతుల్లో పదునెక్కుతూ వచ్చిన ఒక నటి శ్రమను అది చరిత్రకు వెలుపల నిలబెడుతుంది. 1974 నుంచి 1982 వరకు సాగిన ఆ తొలి దశను వరుసగా పరిశీలిస్తే, జయప్రద హిందీ ప్రవేశానికి పునాది తెలుగు సినిమాలోనే, ముఖ్యంగా 1976లో పడిందనీ, ఆ ప్రవేశం సాధ్యం కావడానికి ఆమె అందంతో పాటు నాట్యశిక్షణ, దర్శకుని పాత్రకల్పన, మద్రాసు బొంబాయిల మధ్య అప్పట్లో బలపడుతున్న రీమేకుల వ్యవస్థ కలిసి పనిచేశాయనీ స్పష్టమవుతుంది. రీమేకు అంటే ఒక భాషలో విజయవంతమైన చిత్రకథను హక్కులు తీసుకొని, వేరే నటీనటులతో, వేరే భాషలో మళ్లీ చిత్రించడం.

జయప్రద పుట్టిన రాజమహేంద్రవరానికి సినిమా కొత్త వస్తువు కాదు. నిడమర్తి సూరయ్య ఇక్కడ నెలకొల్పిన దుర్గా సినీటోన్, ఆంధ్ర ప్రాంతంలో వెలసిన తొలి చిత్రనిర్మాణశాలగా పేరు పొందింది. 1936 నాటి ‘సంపూర్ణ రామాయణం’ ఆ సంస్థ చిత్రమే. తాడేపల్లిగూడెం సమీపంలోని పెంటపాడుకు చెందిన పుష్పవల్లి ఆ చిత్రంలో బాలసీతగా తొలిసారి తెరపై కనిపించింది. తర్వాతి కాలంలో హిందీ తెరను ఏలిన రేఖకు ఆమె తల్లి. పెద్దాపురానికి చెందిన అంజలీదేవి కాకినాడ నాటకరంగం నుంచి మద్రాసు వెళ్లి, ‘సువర్ణసుందరి’ హిందీ రూపంతో ఉత్తరాది ప్రేక్షకులకూ పరిచయమైంది. అంటే గోదావరి తీరం నుంచి హిందీ తెరకు దారి జయప్రదకు ముందే ఏర్పడి ఉంది.

ఈ నగరపు సాంఘిక చరిత్రలో మరొక అంశాన్ని కూడా గమనించాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో కందుకూరి వీరేశలింగం భోగంమేళాలకు, అంటే పెళ్లిళ్లలోనూ ఇతర శుభకార్యాలలోనూ కళావంతుల చేత నాట్యం చేయించే ఆచారానికి వ్యతిరేకంగా ఉద్యమించింది ఇక్కడి నుంచే. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టంతో ఆ వృత్తికి చట్టబద్ధత పోయింది. తరతరాలుగా ఆ విద్యను కాపాడుకొచ్చిన కుటుంబాలు గౌరవాన్నీ జీవనాధారాన్నీ కలిపి కోల్పోయాయి. ఆ తర్వాతి తరాలలో నాట్యం మధ్యతరగతి ఇళ్లలోని ఆడపిల్లల చదువులో ఒక భాగమై, పాఠశాల వార్షికోత్సవ వేదిక మీద సభ్యసమాజపు ఆమోదం పొందింది. జయప్రద కళాజీవితం అలాంటి వేదిక మీద మొదలైంది కాబట్టి, ఆ వేదిక వెనుక ఉన్న ఈ చరిత్రను, అందులో నష్టపోయిన వారిని విస్మరించి ఆమె తొలి అడుగును అర్థం చేసుకోలేము.

1962 ఏప్రిల్ 3న జన్మించిన ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు లలితారాణి. తండ్రి కృష్ణారావు తెలుగు చిత్రాలకు పెట్టుబడి సమకూర్చేవాడు. కుమార్తెకు సంగీత నృత్యాలు నేర్పించాలని తల్లి నీలవేణి పట్టుబట్టింది. తెలుగు మాధ్యమంలో చదువుతున్న రోజుల్లో పాఠశాల వార్షికోత్సవంలో ఆమె చేసిన నాట్యం సినీరంగానికి చెందిన వారి దృష్టిలో పడి, పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన కె.బి. తిలక్ దర్శకత్వం వహించిన ‘భూమికోసం’ (1974) చిత్రంలో సుమారు మూడు నిమిషాల నాట్యఘట్టం దక్కింది. అందుకు ముట్టిన పారితోషికం పది రూపాయలేనని ఆమె జీవిత కథనాలు చెబుతాయి. వైద్యవిద్య చదివి నటుడైన ఎం. ప్రభాకరరెడ్డి ఆమెకు జయప్రద అనే తెరపేరు పెట్టాడు. ఆ నాట్యఘట్టపు రషెస్‌ను, అంటే కూర్పుకు ముందు పరిశీలన కోసం వేసి చూసే ముడి చిత్రాన్ని, తెలుగు పరిశ్రమలోని ప్రముఖులు చూడటంతో ఆమెకు కథానాయిక పాత్రలు వచ్చాయి. ఒకే ఒక నాట్యం ఒక నటి గమనాన్ని మార్చడం తెలుగు సినిమాలో అంతకుముందూ జరిగింది. తాపీ చాణక్య దర్శకత్వంలోని ‘రోజులు మారాయి’ (1955)లో వహీదా రెహమాన్ చేసిన నాట్యమే ఆమెను గురుదత్ దృష్టికి తెచ్చి, మరుసటి ఏడు ‘సి.ఐ.డి.’ ద్వారా హిందీ తెరకు చేర్చింది. వహీదా తొలి చిత్రం నుంచి హిందీ తెరకు ఏడాదిలో చేరగా, జయప్రదకు అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లే ఈ పరిశీలనకు కీలకం.

1976లో కె. బాలచందర్ తన తమిళ చిత్రం ‘అవళ్ ఒరు తొడర్‌కదై’ (1974)ను తెలుగులో ‘అంతులేని కథ’గా తీస్తూ, తమిళంలో సుజాత ధరించిన ప్రధానపాత్రను జయప్రదకు అప్పగించాడు. బాధ్యత లేని అన్న, వితంతువైన చెల్లెలు ఉన్న ఇంటిని ఒంటరిగా మోస్తూ, తన పెళ్లిని వాయిదా వేసుకుంటూ పోయే ఉద్యోగిని సరిత పాత్ర అది. అన్నగా నటించిన రజనీకాంత్‌కు తెలుగులో అదే తొలి చిత్రం. పద్నాలుగేళ్ల దరిదాపుల్లో ఉన్న బాలిక, జీవితంలో అలసి కరుకుదేలిన స్త్రీగా తెరపై నిలబడవలసి రావడం ఆనాటి పరిశ్రమ పసితనాన్ని ఎంత తేలికగా పెద్దరికంగా మార్చేదో తెలియజేస్తుంది. నటనలో ఆమె సాధించిన నిగ్రహాన్ని ఎంత మెచ్చుకున్నా, ఈ వాస్తవాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. నటన పరంగా ఈ పాత్ర విశిష్టత ఏమంటే, ఆమెను పరిశ్రమకు పరిచయం చేసిన నాట్యానికి ఇందులో ప్రాధాన్యం లేదు. మాటలోని పదును, ముఖంలోని కాఠిన్యం, కదలికలోని పొదుపు ఈ పాత్రకు ప్రాణం. అలంకరణకే పరిమితమయ్యే నాయికగా ఆమెను లెక్కగట్టే విమర్శకు ఈ ఒక్క చిత్రం చాలిన సమాధానం. అదే బాలచందర్ అదే ఏడు తమిళంలో తీసిన ‘మన్మథ లీలై’లోనూ ఆమె నటించింది.

అదే సంవత్సరం వచ్చిన ‘సిరిసిరిమువ్వ’ ఇందుకు పూర్తిగా భిన్నమైన పరీక్ష. కె. విశ్వనాథ్ ఈ చిత్రంలో మాట రాని నర్తకిని నాయికగా నిలిపాడు. సవతితల్లి ఆదరణ లేని ఇంట పెరిగే ఆ మూగపిల్ల మనసు నాట్యంలోనే పలుకుతుంది. ఆమెను నిస్వార్థంగా ఆరాధించే వాద్యకారునిగా చంద్రమోహన్ నటించాడు. మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకునిగా, అంటే మాటలనూ పాటలనూ ధ్వనిముద్రణ చేసే సాంకేతిక నిపుణునిగా వృత్తి ప్రారంభించిన విశ్వనాథ్, మాటలేని నాయిక చుట్టూ శబ్దప్రధానమైన కథను అల్లడం ఆలోచించదగిన విషయం. కె.వి. మహదేవన్ సంగీతం, వేటూరి సాహిత్యం, మువ్వల సవ్వడి, వాద్యధ్వని ఆమె చుట్టూ నిండుగా వినిపిస్తుంటాయి. ఆ ధ్వనులన్నింటికీ ఆమె దేహం సమాధానం చెప్పాలి. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వీటిలో ఆంగికం అవయవాలతో, వాచికం మాటతో, ఆహార్యం వేషభూషలతో చేసేవి కాగా, సాత్త్వికం లోపలి భావం కన్నీరుగా, కంపంగా, ముఖవర్ణంగా బయటపడటం. ‘సిరిసిరిమువ్వ’ నాయికకు వాచికం పూర్తిగా లేదు గనుక, మిగిలిన మూడింటి మీదే పాత్ర నిలవాలి. జయప్రద చిన్నతనంలో నేర్చిన విద్య ఇక్కడ పాటల మధ్య వేడుకగా మిగిలిపోలేదు. చూపుతో ప్రశ్నించడం, చేతి కదలికతో వారించడం, నిలిచిపోయిన పాదంతో దుఃఖాన్ని తెలపడం వంటి సాధారణ సన్నివేశాల నటనగా పరిణమించింది. నాట్యం తెలిసిన నటి చేత నాట్యం చేయించడం ఏ దర్శకునికైనా సులువు. ఆ నాట్యాన్నే ఆమె భాషగా మార్చడం విశ్వనాథ్ చేసిన పని.

1976లోనే బాపు ‘సీతాకల్యాణం’లో జయప్రద సీతగా నటించింది. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన రచయిత ముళ్లపూడి వెంకటరమణ, రాజమహేంద్రవరంలో పుట్టిన నాయిక కలిసిన ఈ చిత్రాన్ని గోదావరి వారి రామాయణమని అంటే తప్పు లేదు. చిత్రకారుడైన బాపు ఆమెను బొమ్మ గీసినట్లే తెరపై కూర్చాడు. మాట తక్కువగా, ముఖవైఖరి, నిలిచిన తీరు ప్రధానంగా సాగే ఈ పాత్ర ‘సిరిసిరిమువ్వ’ నేర్పిన పాఠానికి పొడిగింపు వంటిది. ఈ చిత్రం లండన్, షికాగో చలనచిత్రోత్సవాలలోనూ ప్రదర్శితమైంది.

1977లో ఆమె స్థానం వాణిజ్యపరంగా స్థిరపడింది. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు కథానాయకునిగా వచ్చిన ‘అడవిరాముడు’ సాధించిన ఘనవిజయం, తాతినేని రామారావు ‘యమగోల’, ఆమెను మొదటి వరుస నాయికల సరసన చేర్చాయి. ఇవి నటిగా ఆమెకు కొత్తగా నేర్పినది తక్కువే. అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ సరసన నటించిన ‘సనాదీ అప్పణ్ణ’ అంతకంటె ముఖ్యమైనది. బిస్మిల్లా ఖాన్ షెహనాయి వినిపించే ఆ చిత్రంలోనూ ఆమెది నర్తకి పాత్రే కావడం వల్ల, భాష మారినా నాట్యంతో పాత్రను నిలబెట్టగలనని ఆమె రెండోసారి నిరూపించుకున్నట్లయింది.

ఈ నేపథ్యంలో ‘సర్గమ్’ను చూడాలి. ‘సిరిసిరిమువ్వ’ను హిందీలో తీయడానికి నిర్మాత ఎన్.ఎన్. సిప్పీ ముందుకు వచ్చినప్పుడు దర్శకత్వం విశ్వనాథ్‌కే దక్కింది. అది ఆయన తొలి హిందీ చిత్రం. నాయకుడు రిషీ కపూర్, సంగీతం లక్ష్మీకాంత్ ప్యారేలాల్. నాయిక మాత్రం తెలుగు మాతృకలోని జయప్రదే. ఆమెకు అప్పటికి హిందీ పట్టుబడలేదు. పాత్రకు మాట లేదు గనుక ఆ లోటు తెరపై లోటుగా కనిపించలేదు. మూడేళ్ల కిందట తెలుగులో సాధించిన అభినయాన్ని ఆమె ఇక్కడ మరింత పరిణతితో, కొత్త సంగీతానికి అనుగుణంగా పునర్నిర్మించింది. నాయకుని చేతిలోని డఫ్లీకి, అంటే చేతితో వాయించే చిన్న చర్మవాద్యానికి, ఆమె పాదాలు బదులు చెప్పే నాట్యఘట్టం దేశమంతటా ప్రచారం పొందింది. లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌కు ఈ చిత్రం ఫిల్మ్‌ఫేర్ పురస్కారం తెచ్చింది. జయప్రద ఉత్తమనటి పురస్కారానికి నామినేషన్ పొందింది. ఆమె అదృష్టవంతురాలని అప్పుడూ ఇప్పుడూ అనేవారున్నారు. 1979లోనే శ్రీదేవి నాయికగా హిందీలోకి అడుగుపెట్టిన ‘సోల్వా సావన్’ను దీని పక్కన పెట్టి చూస్తే ఆ మాటకు బలం చాలదని తెలుస్తుంది. అది కూడా తమిళంలో ఘనవిజయం పొందిన కథకు హిందీ రూపమే, దానికీ మాతృక దర్శకుడైన భారతీరాజాయే దర్శకుడు, నాయికా మాతృకలోని నటే. అయినా ఆ చిత్రం ఆదరణ పొందలేదు. రీమేకు, దర్శకుడు, నటి అన్నీ సమానంగా ఉన్నా, నాట్యాన్నే భాషగా మలచిన పాత్ర ‘సర్గమ్’కు మాత్రమే ఉంది.

అయితే ఆ పాత్రే ఆమెకు తర్వాత అడ్డంకి కూడా అయింది. మూగనర్తకిగా మెప్పించిన నటికి మళ్లీ మళ్లీ అలాంటి పాత్ర దొరకదు. 1979లోనే వచ్చిన ‘లోక్ పర్‌లోక్’ తాతినేని రామారావు స్వయంగా తీసిన ‘యమగోల’ హిందీ రూపం. జితేంద్ర సరసన ఆమె అందులో నటించినా ‘సర్గమ్’ స్థాయి గుర్తింపు రాలేదు. వచ్చిన విజయాన్ని భాష రాకపోవడం వల్ల నిలుపుకోలేకపోయిన ఆ మధ్యకాలంలో ఆమె తెలుగు చిత్రాలు చేస్తూనే హిందీ నేర్చుకుంది. 1982లో విశ్వనాథ్ తన ‘శుభోదయం’ (1980)ను రాకేశ్ రోషన్ నాయకునిగా ‘కామ్‌చోర్’ పేరుతో హిందీలో తీసి, ఆమెను మళ్లీ నాయికగా నిలిపాడు. హిందీని ధారాళంగా పలుకుతూ ఆమె తొలిసారి నటించిన చిత్రమిది. మొదటి చిత్రంలో మాట అక్కరలేని పాత్ర ఇచ్చి ప్రవేశం కల్పించిన దర్శకుడే, మూడేళ్ల తర్వాత మాటతో ఆమెను నిలబెట్టడం వల్ల, ఆమె తొలి హిందీ దశకు రెండు హద్దులూ విశ్వనాథ్ చిత్రాలే అయ్యాయి.

ఈ కాలపు రీమేకుల ప్రవాహంలో పాత్రలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఎలా మారాయో కూడా చెప్పుకోవాలి. ‘అంతులేని కథ’లో జయప్రద చేసిన పాత్రను 1982 నాటి ‘జీవన్‌ధార’లో రేఖ ధరించింది, ‘ఊరుకి మొనగాడు’ (1981)లో జయప్రద చేసిన పాత్ర ‘హిమ్మత్‌వాలా’ (1983)లో శ్రీదేవికి చేరి, శ్రీదేవి హిందీ జీవితానికి మలుపు అయింది, ‘దేవత’ (1982)లోని అక్కాచెల్లెళ్ల పాత్రలను మాత్రం ‘తోఫా’ (1984)లో ఈ ఇద్దరే మళ్లీ పోషించారు. తెలుగు నిర్మాతలు, తెలుగు దర్శకులు, తెలుగు కథలు బొంబాయి పరిశ్రమను ప్రభావితం చేసిన ఆ దశాబ్దంలో నటీమణులు ఆ కథలను తమ దేహాభినయంతో మోసుకెళ్లారు; కథ హక్కులకు ఒప్పందాలు మిగిలాయి గాని, ఒక పాత్రను మొదట మలచిన నటి శ్రమకు చరిత్రలో నమోదు లేకపోయింది. ఆ నమోదును సరిదిద్దే పనిలో భాగంగా, జయప్రద హిందీ నటజీవితానికి ఆరంభ సంవత్సరంగా 1979కి బదులు, ‘సర్గమ్’ నాయిక తెలుగులో పుట్టిన 1976ను గుర్తించడం సమంజసం.