దామెర్ల పోయాక బొమ్మలకు దిక్కెవరు?

1925 ఫిబ్రవరి 6. రాజమండ్రిలో దామెర్ల రామారావు మశూచితో కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు. కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి అందుకున్న చేయి అది. అంతకు ముందటేడే లండన్ వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన దాకా ఆ చేతి బొమ్మలు వెళ్లాయి. మశూచి అంటే ఆ రోజుల్లో అయినవాళ్లు కూడా గడప తొక్కడానికి జంకేవారు. భార్య సత్యవాణిది ఇంకా చిన్న వయసు. నూనెరంగుల పటాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిల్ గీతల పుస్తకాలు అన్నీ కలిపితే వందల్లో తేలతాయి. వాటిని ఎవరు చూస్తారు?

చిత్రకారుడు పోయిన ఇంట్లో ఆ తర్వాత జరిగేది మనం ఎరగనిది కాదు. కొన్ని బొమ్మలు బంధువులు పట్టుకుపోతారు. కొన్ని అయినకాడికి అమ్ముడుపోతాయి. మిగిలినవి అటకెక్కుతాయి. చెదపురుగులూ వానాకాలపు చెమ్మా తక్కిన పని పూర్తి చేస్తాయి. దామెర్ల బొమ్మలకు ఆ గతి పట్టలేదు. పట్టకుండా కాసిన చేతులు ఎప్పుడు, ఎలా కలిశాయో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

కూల్డ్రే దొర శిష్యులు

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఓస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలం. ఇంగ్లండులోని అబింగ్‌డన్ ఆయన ఊరు. కొలువు పాఠాలు చెప్పడమే అయినా, ప్రాణమంతా బొమ్మల మీదా కవిత్వం మీదా ఉండేది. చేతిలో కాస్త పనితనం కనబడితే చాలు, ఆ కుర్రాణ్ణి దగ్గరకు తీసేవారు. అలా చేరినవాళ్లే దామెర్ల రామారావు, వరద వెంకటరత్నం, అడివి బాపిరాజు.

గోదావరి గట్టు మీద ఒక సాయంత్రం అనుకోండి. ఒడిలో అట్ట, పక్కన నీళ్ల గిన్నె, రంగుల పెట్టె. అవతలి ఒడ్డు మసకబారేలోపు నీటి మీది వెలుగును కాగితం మీద పట్టాలి. నీటిరంగుతో వచ్చిన చిక్కేమిటంటే, తెలుపు కావాలంటే కాగితాన్ని తాకకుండా వదిలేయాలి. ఒకసారి రంగు పడిందా, ఆ వెలుగు మళ్లీ రాదు. ఎక్కడ కుంచె ఆపాలో పక్కన కూర్చుని చూపించేవాడు ఉంటే తప్ప పట్టుబడని విద్య అది.

కూల్డ్రే అక్కడితో ఊరుకోలేదు. శిష్యులను అజంతాకు తీసుకువెళ్లారు. పిల్లవాడు ‘బొమ్మలేసుకుని’ ఎలా బతుకుతాడని బెంగపడే పెద్దలను ఒప్పించి, 1916లో రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు చేర్చారు. అక్కడి ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఆ బొమ్మలు తిరగేసి చూసి, ఏకంగా మూడో సంవత్సరంలో సీటిచ్చారు.

తిరిగొచ్చినవాడు

1920 నాటికి చదువు పూర్తయింది. పేరు వచ్చింది. కొనేవాళ్లూ, పత్రికలూ, పెద్ద ప్రదర్శనలూ బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్నాయి. రామారావు మాత్రం రాజమండ్రి రైలెక్కారు.

ఆ ఊరికి ఒక అలవాటు ఉంది. సర్కారు చేస్తుందిలే అని కూర్చోకుండా, కావలసినదాన్ని తానే కట్టుకోవడం. కందుకూరి వీరేశలింగం 1890లో అక్కడ టౌన్ హాలు నిలబెట్టారు. ఊళ్లోవాళ్ల చేతుల మీదుగానే గ్రంథాలయాలు లేచాయి. ఆ దారిలోనే 1920ల తొలి ఏళ్లలో రామారావు, మిత్రులు కలిసి ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్‌ను, చిత్రకళాశాలను మొదలుపెట్టారు. నేర్చుకోవడానికి ఒక చోటు, వేసింది పదిమందికీ చూపడానికి మరో చోటు. బొంబాయిలో తాను నేర్చింది ఊరి పిల్లలకు చెప్పడం ఆయన పని. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆడవాళ్లు ముగ్గులు తప్ప మరే గీతా గీయరనుకునే రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

అదే కాలంలో బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ బెంగాలీ పద్ధతిలో బొమ్మలు నేర్పుతున్నారు. రంగు వేసి ఆరనిచ్చి, బొమ్మంతా నీళ్లలో తడిపి, మళ్లీ రంగు వేసి మళ్లీ తడిపే వాష్ పద్ధతి. నిలవలేని రంగు నీళ్లలో పోతుంది, నిలిచింది కాగితంలోకి ఇంకుతుంది. అంచులు కరిగి బొమ్మ పొగమంచులో ఉన్నట్టు కనబడుతుంది. రాజమండ్రిలో ఆ పొగమంచు లేదు. రామారావు మనుషులకు ఎముకా కండా ఉంటాయి. గీతకు బిగువు ఉంటుంది. ఒకే తెలుగు తీరంలో రెండు దారులు. వాటి నడుమ అడివి బాపిరాజు. రాజమండ్రిలో కూల్డ్రే శిష్యుడైన ఆయనే బందరులో ఛటర్జీ దగ్గరా నేర్చుకున్నారు. ఉత్తరాలు, రాకపోకలు, స్నేహాలు పెరిగితే ఊళ్ల మధ్య కళా బంధం ఇలాగే అల్లుకుంటుంది.

మిత్రులు మోసిన బరువు

అలాంటి సమయంలో మశూచి వచ్చింది. సంస్థ పసికందు. దాన్ని పెట్టినవాడు లేడు. కూల్డ్రే అప్పటికే ఇంగ్లండు వెళ్లిపోయారు. బడి మూతపడితే తప్పుపట్టేవారెవరూ లేరు.

మూతపడలేదు. వరద వెంకటరత్నం ఆ బరువు నెత్తికెత్తుకున్నారు. ఆయనా చిత్రకారుడే. తన కుంచె తనను పిలుస్తూనే ఉన్నా, మిత్రుడి పేర బడి నడిపారు, పిల్లలకు నేర్పారు, బొమ్మలను కాపాడారు. సత్యవాణి వాటిని చెల్లాచెదురు కానివ్వలేదు. ఒక్కొక్కటీ అమ్ముకుని ఉంటే ఆ ఇంటికి నాలుగు డబ్బులు వచ్చేవి, ఊరికి మాత్రం ఏమీ మిగిలేది కాదు. అన్నీ ఒక్కచోట నిలిచాయి గనుకే గోదావరి గట్టున దామెర్ల స్మారక చిత్రశాల సాధ్యమైంది. తర్వాత అది ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ వంటి రామారావు బొమ్మలు చూడాలంటే నేటికీ రాజమండ్రికే రావాలి.

ఈ కథను నిలబెట్టినవి నాలుగు. గుర్తుపట్టిన గురువు, దారి చూపిన సిఫారసు, కలిసి పనిచేసుకోవడానికి ఒక గది, పోయాక పేరు నిలిపిన మిత్రులు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా దామెర్ల రామారావు ఎవరో పాత బహుమతుల జాబితాలో ఒక పేరుగా మిగిలేవారు. ప్రతిభ ఆయనదే. దాన్ని వందేళ్లు మోసింది మాత్రం చుట్టూ ఉన్నవాళ్లు.

ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో చిత్రకారులకు కొదవ లేదు. ఉత్సవానికి పిలిచి మూడు రోజులు బొమ్మలు వేయిస్తున్నాం, శాలువా కప్పి పంపుతున్నాం. వేసిన బొమ్మ ఏడాది పొడుగునా ఉండడానికి ఊళ్లో ఒక గోడ, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి, పక్కనే పిల్లలకు నేర్పడానికి ఒక గది కావాలని అడిగేవాళ్లు తక్కువ. రాజమండ్రి కుర్రాళ్లు అడిగి ఊరుకోలేదు, మొదలుపెట్టారు. అప్పటికి రామారావుకు ముప్పయ్యేళ్లు కూడా లేవు.